గళ్ళబండ మీద ఐదు పొడుపులు

మెట్లు అయిపోయాయి. చివరి మెట్టు దిగగానే ఒక్క క్షణం ఆగి చుట్టూ చూసుకోవలసింది మాచన. ఆగే అలవాటే ఉంటే అతను మాచన ఎందుకవుతాడు? అడ్డంగా వేలాడుతున్న తీగల్ని రెండు చేతులా చీల్చుకుని కొండ కడుపులోకి దూసుకుపోయాడు.

అతని వెనకే, ఉప్పు అమ్ముకునే మనిషిలా ముతక చీర కట్టి, నెత్తిన ఉప్పుబుట్టతో దిగింది కుంభగిరి రాకుమారి హేమవల్లి. మాచన అదే కుంభగిరిలో శాసనాలు చెక్కే రాతిపనివాడు. మాంత్రికుడు గూఢకేతు ఆమె అన్న ధీరసేనుణ్ణి పట్టపగలు నిండు సభలోంచి నల్లటి పొగ చాటున ఎత్తుకుపోయిన నాడు, మీసాలు దువ్వే సేనాపతులందరూ ముహూర్తాలు చూసుకుంటూ కూర్చున్నారు. నేనొస్తానమ్మా అని లేచింది ఈ ఉలి పట్టినవాడొక్కడే. ఇద్దరికీ వెనకగా కర్ర పొడుచుకుంటూ, దగ్గుకుంటూ దిగాడు గవ్వలయ్య. నిన్న రేవు దగ్గర కలిసి, గూఢకేతు గుహకు దారి నాకు తెలుసని చెప్పి వెంట వచ్చిన ముసలి బైరాగి అతను.

తీగల వెనక కొండను తొలిచి చేసిన మందిరం ఉంది, దాని అందం చెప్పతరం కాదు. కొండ నెత్తిన ఉన్న బిలంలోంచి మధ్యాహ్నపు ఎండ ఏటవాలుగా పడుతోంది. ఎండ తాకిన చోటల్లా గోడల్లో పొదిగిన కెంపులూ, పచ్చలూ, గోమేధికాలూ రంగులు విరజిమ్ముతున్నాయి. స్తంభాలను పెనవేసుకున్న రాతి లతలు, ఆ లతల మీద రాతి చిలకలు, చిలకల ముక్కుల్లో రాతి దానిమ్మగింజలు. ఒక్కొక్క ఈకా విడివిడిగా కనబడేంత పనితనం. మామూలప్పుడైతే మాచన ఆ చిలకల ముందు అన్నం నీళ్ళూ మరిచి నిలబడిపోయేవాడే. ఇప్పుడు వాటివైపు కన్నెత్తి చూడనైనా లేదు.

మందిరం మధ్యలో నిలువెత్తు స్ఫటికపు బావి ఉంది. దాని గోడల్లోంచి లోపలిదంతా కనబడుతోంది. నడుమ ఒక రాతి కంబానికి గొలుసులతో కట్టేసి ఉన్నాడు ధీరసేనుడు. నోట్లో గుడ్డలు కుక్కి ఉన్నాయి. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. చెల్లెల్ని చూడగానే అతను వెళ్ళిపొమ్మన్నట్టు తల అడ్డంగా ఊపాడు. హేమవల్లి బుట్ట అక్కడే దించి పరుగెత్తి, స్ఫటికానికి రెండు అరచేతులూ ఆనించింది. ఆమెకు దుఃఖం ఆగలేదు. మాచన సుత్తి తీసి బావి గోడ మీద శక్తికొద్దీ బాదాడు. గోడ మీద గీత పడలేదు సరికదా, సుత్తే వెనక్కి ఎగిరి అతని నుదుటి మీద బొప్పి కట్టించింది.

“నాయనా, నీ సుత్తికి లొంగేదైతే ఇన్నాళ్ళు ఎవరూ రాకపోదురా?” అన్నాడు గవ్వలయ్య, తీరిగ్గా మెట్టు మీద చతికిలబడుతూ. “ఆ కింద చూడు.”

బావి ముందు నేలలో ఒక నల్లబండ పరిచి ఉంది. దాని నిండా గడులు గీసి ఉన్నాయి. కొన్ని గడులు ఖాళీ, కొన్ని మూసేసినవి. ఖాళీ గడుల వరసలు కొన్ని అడ్డంగా, ఒకటి నిలువుగా పోతున్నాయి. బండ తలాపున ఒక రాతి సింహం ముఖం, దాని గడ్డం కింద ఐదు పొడుపులు, అన్నిటికీ పైన ఒక కట్టడి చెక్కి ఉన్నాయి. కట్టడి చదవగానే హేమవల్లికి అర్థమైంది. కుంభగిరి సభలో పొడుపుల పోటీకి తరతరాలుగా ఉన్న ఆచారమే అది. జవాబు ఒకరు చెప్పాలి. అది ఎలా వచ్చిందో మరొకరు విప్పాలి. విప్పిన తరవాతే గడుల్లో రాయాలి. గుడ్డిగా తగిలిన జవాబును ఆ సభ ఏనాడూ ఒప్పుకోలేదు. మంత్రాలు పట్టక ముందు గూఢకేతు ఆ సభలోనే పొడుపులు కట్టేవాడని, అతని ముఖం చూసిన పాతవాళ్ళెవరూ ఇప్పుడు మిగల్లేదని ఆమె గబగబా చెప్పింది.

కట్టడిలో చివరి మాట మాత్రం సభది కాదు, గూఢకేతు సొంతం. తప్పిన ప్రతిసారీ బావిలో నీళ్ళు పైకి వస్తాయి.

మాచన అప్పటికే మొదటి పొడుపు మీద పడ్డాడు. తెల్లవారి బయలుదేరి పొద్దుగూకి ఆగేది, వెనక్కి తిరిగితే శివుడి ఎదుట కూర్చుంటుంది. రెండు గడులు. శివుడి ఎదుట కూర్చునేది ఇంకేముంటుంది? నంది అని అరిచి, ఉలి తగిలించాడు. సుత్తి దెబ్బకు ఆ రాయి జున్నులా తెగింది. రెండు అక్షరాలూ పడ్డాయో లేదో, సింహం గొంతులో ఏదో గుర్రుమంది. బావి అడుగునుంచి నీళ్ళు బుడబుడా పొంగి ధీరసేనుడి రొమ్ము దాకా వచ్చి ఆగాయి.

జవాబు తప్పు కాదు. విప్పకముందే చెక్కాడు, అదే తప్పు. హేమవల్లి వెనక్కి తిరిగి అతన్ని చూసిన చూపుకు ఆ రాతిపనివాడు రాయైపోయాడు.

“మాచనా, అక్కడున్నది మా అన్న,” అంది ఆమె. “నీ చేతికి దురదైతే నేల గోక్కో. నేను విప్పేదాకా ఉలి ఎత్తకు.”

తప్పైపోయింది యువరాణీ అని చెంపలు వేసుకుని ఉలిని నడుమున దోపుకున్నాడు. హేమవల్లి సింహం ఎదుట నిలబడి, తెల్లవారి మొదలై పొద్దుగూకి ముగిసేది దినమనీ, ఆ రెండక్షరాలనూ తిరగేసి చదివితే నంది అవుతుందనీ చెప్పింది. సింహం కళ్ళు పచ్చగా వెలిగాయి. పెరిగిన నీళ్ళు మాత్రం తగ్గలేదు. ఆ బావికి ఎక్కడమే గానీ దిగడం తెలియదు.

రెండోది: పుట్టలోంచి లేచి ఆడేది, తోకనుంచి తలకు చదివితే, దాటందే ఇంట్లోకి రానివ్వదు. మూడు గడులు. మాచన పెదవులు కొరుక్కుంటూ బండ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. దాటందే ఇంట్లోకి పోలేనిది గడపే. నోటితో అన్నాడు, ఈసారి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఆమె ఒక్క లిప్త ఆలోచించి, పుట్టలోంచి లేచి ఆడేది పాము పడగ, పడగను తిరగేస్తే గడప అని విప్పింది. సింహం కళ్ళు మళ్ళీ పచ్చబడ్డాయి. మాచన చెక్కాడు.

చిత్రమేమిటంటే, ఈ ఇద్దరిలో ఏ ఒక్కరు ఒంటరిగా వచ్చినా ఆ బండ ముందు బోర్లాపడేవాళ్ళే. అతనికి జవాబు మెరుపులా తడుతుంది, ఎలా తట్టిందని అడిగితే తల గోక్కుంటాడు. ఆమెకు జవాబు అంత తొందరగా తోచదు, తోచినదాన్ని మాత్రం నూలు విడదీసినట్టు విడదీసి చెబుతుంది.

మూడో పొడుపు: కవి చేతిలోది కడుపులో ‘మ’ దాచుకుంటే కొలనులో విచ్చుకుంటుంది. మాచన కమలం అన్నాడు. కవి చేతిలోది కలం, దాని రెండక్షరాల నడుమ మ చేరిస్తే కమలం అంది హేమవల్లి. నాలుగోది నిలువు వరస. దాని మొదటి గడి కమలంలోని రెండో అక్షరమే. పూవు దాచుకున్న తీపికి కొస తెగితే ఏనుగు కాలు పట్టుకుంటుంది. మ తో మొదలయ్యేది, ఏనుగు కాలు పట్టేది, మూడక్షరాలు. మకరం! మాచన గట్టిగా చప్పట్లు చరిచాడు. పూవులో ఉన్న తీపి మకరందమని, దాని కొస అక్షరం తీసేస్తే మకరం మిగులుతుందని ఆమె తడుముకోకుండా చెప్పింది.

సింహం కళ్ళు పచ్చగా వెలిగాయి. మాచన వంగి మిగిలిన రెండక్షరాలూ చెక్కాడు. అప్పుడు, బావిలో నీళ్ళు ఒక్కసారిగా పొంగి ధీరసేనుడి గడ్డాన్ని తాకాయి.

హేమవల్లి పరుగున వెళ్ళి మళ్ళీ స్ఫటికాన్ని పట్టుకుంది. అన్న తల పైకెత్తి, ముక్కుతో గాలి పీల్చుకోవడానికి పెనుగులాడుతున్నాడు. ఇంకొక్కసారి నీళ్ళు పొంగితే అంతే సంగతులు. మెట్టు మీదనుంచి గవ్వలయ్య నాలుక చప్పరించి, విప్పడంలో ఎక్కడో పొరపాటు చేశావు తల్లీ, ఆడపిల్లవు, కంగారు పడ్డావు అని జాలి చూపించాడు.

మాచన మాత్రం కదలకుండా నిలబడ్డాడు. అతను కదలకుండా నిలబడడం ఈ కథలో ఇదే మొదలు. సింహం ఒప్పుకుంది. కళ్ళు వెలిగాయి. ఒప్పుకున్నాక నీళ్ళెందుకు పొంగాలి? పైగా నీళ్ళు పొంగే ముందు రాయి కింద రాయి జరిగిన చప్పుడొకటి అతనికి వినబడింది. పుట్టిన దగ్గర్నుంచి రాళ్ళ మధ్య పెరిగిన చెవి అది. చప్పుడు ముందునుంచి రాలేదు, వీపు వెనకనుంచి వచ్చింది. చటుక్కున వెనక్కి తిరిగాడు. గవ్వలయ్య కర్ర కొన మెట్టు పక్క ఒక చిన్న బొక్కలో దిగి ఉంది. బొక్క చుట్టూ తాజా రాతిపొడి రాలి ఉంది.

మాచన తన చేతిలోని సుత్తిని ముసలివాడి తలకు గురిచూసి విసిరాడు.

సుత్తి గాలిలోనే బూడిదై రాలిపోయింది. గవ్వలయ్య గడ్డం ఊడి కింద పడింది, గూని చక్కబడింది, దగ్గు ఆగిపోయింది. మెట్టు మీద నిలబడ్డవాడు తాటిచెట్టంత మనిషి. నుదుటన పచ్చరంగు బొట్టు, చెవులకు ఎముకల పోగులు, కళ్ళు మాత్రం బడిలో గెలిచిన పిల్లవాడి కళ్ళలా మెరుస్తున్నాయి. హేమవల్లి చీర మడతలోని బాకు దూసి ఎదురువెళ్ళింది. గూఢకేతు నవ్వుతూ చిటికెడు భస్మం ఆమె వైపు ఊదాడు. ఆమె బాకు చేతిలోనే ఉంది, కాళ్ళు బాగానే ఉన్నాయి, నోరు తెరిస్తే మాత్రం చప్పుడు రాలేదు. పెదవులు కదులుతున్నాయి, అంతే. బాకు విసిరితే అదీ బూడిదైంది.

ఈ మందిరంలో నేను రక్తం చిందించకూడదు, చిందిస్తే నా మంత్రం నన్నే తింటుంది, అందుకే నీళ్ళు పెట్టుకున్నానని గూఢకేతు ఎంతో మర్యాదగా చెప్పాడు. ఐదో పొడుపు మిగిలే ఉందనీ, కావాలంటే ప్రయత్నించుకోమనీ అన్నాడు. రాకుమారుడి నోట్లో గుడ్డలు. రాకుమారి నోట్లో మాట లేదు. జవాబు చెప్పే నోరూ, విప్పే నోరూ వేరువేరుగా ఉండాలి. ఉన్నది ఒక్క నోరు, అదీ తొందరపాటు నోరు.

“కానీ నాయనా,” అన్నాడు గూఢకేతు. “నాకూ వేడుకగానే ఉంది.”

ఐదో పొడుపు ఇది: కొమ్మమీదివాడు తల పోగొట్టుకుంటే నేలమీద మనిషి. మూడు గడులు. మాచనకు చదువుతుండగానే జవాబు తట్టింది. ఎందుకో కూడా ఈసారి తట్టింది. తట్టి ఏం లాభం? తన నోటితో విప్పితే తప్పవుతుంది, నీళ్ళు పొంగుతాయి. హేమవల్లి అతని భుజం పట్టుకుని కుదిపింది. చెప్పు, ఏదో ఒకటి చెయ్యి అన్నట్టు ఆమె కళ్ళు బతిమాలాయి. మాచనకు భయం వేసింది. సుత్తి పోయినందుకు కాదు, మాంత్రికుణ్ణి చూసి కాదు, ఆ కళ్ళను చూసి.

భయం వేస్తే మాచనకు పని గుర్తొస్తుంది. శాసనం చెక్కేటప్పుడు ఎవరితో ఎక్కువ బాధ? రాజుతో కాదు, బండతో కాదు. శాసనం రాసిచ్చిన పండితుడితో. ఆయన ఇంట్లో పూజలో ఉన్నా సరే, ఎవడో తన వాక్యాన్ని తప్పుగా చదివాడని తెలిస్తే తడిబట్టలతోనే పరుగెత్తుకొస్తాడు. వచ్చి, ఎండలో నిలబడి, ప్రతి మాటకూ అర్థం చెప్పి గానీ కదలడు. రాసేవాళ్ళ జాతి అంతా ఒక్కటే.

మాచన సింహం నెత్తిన చెయ్యి వేశాడు. జవాబు నరుడు అన్నాడు. అని, తిరిగి గూఢకేతును చూసి కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

గూఢకేతు కాసేపు ఓర్చుకున్నాడు. తరవాత ఎందుకా నవ్వు అని అడిగాడు.

“ఏం లేదు స్వామీ. నాలుగూ చక్కగా కట్టారు, ఐదోదానికొచ్చేసరికి మీకు నిద్రొచ్చినట్టుంది,” అన్నాడు మాచన. “నేలమీద తిరిగేవాడు మనిషి, కాబట్టి నరుడు. అంతేగా? మరి ఆ కొమ్మ ఎందుకు, ఆ తల ఎందుకు? మాటలు చాలక ఊక పోశారు. మా వీధిలో పిల్లలు ఇంతకంటే బాగా కడతారు.”

హేమవల్లి తెల్లబోయి చూసింది. వీడికి మతి పోయిందనుకుంది. గూఢకేతు ముఖంలో నవ్వు గడ్డకట్టింది. ఊకా అన్నాడు. మాచన భుజాలెగరేసి, ఎవరి దగ్గరో ఎత్తుకొచ్చి అతికించినట్టుంది, పోనిద్దురూ, వయసైపోతే ఇంతే అన్నాడు. అని ఇంక ఆ పొడుపుతో పనిలేనట్టు వీపు తిప్పేశాడు.

మాంత్రికుడు మెట్టు దిగాడు. రెండంగల్లో బండ దగ్గరికి వచ్చి, ఎముకల పోగులు ఊగుతుండగా వేలెత్తి పొడుపు చూపించాడు.

“ఊక ఎక్కడుందిరా రాతోడా? కొమ్మమీదివాడు ఎవడు? వానరుడు. వాడి తల ఏది? మొదటి అక్షరం, వా. దాన్ని పోగొట్టుకుంటే మిగిలేది నరుడు, నేలమీద మనిషి. ఇందులో ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. కొమ్మ తీసేస్తే పొడుపు ఉందా? తల తీసేస్తే ఉందా? ఏదీ, తీసి చూపించు!”

సింహం కళ్ళు పచ్చగా వెలిగాయి.

గూఢకేతు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. అప్పటికి మాచన ఉలి మొదటి గడిలో ఉంది. సుత్తి లేకపోతేనేం, అరచేత్తో గుద్దుతూ చెక్కాడు. న పడింది. గూఢకేతు ఎగిరి అతని జుట్టు పట్టుకున్నాడు. హేమవల్లి ఉప్పుబుట్ట అందుకుని, బుట్టెడు ఉప్పూ మాంత్రికుడి కళ్ళలో కొట్టింది. వాడు గావుకేక పెట్టి కళ్ళు నులుముకుంటుండగా రు పడింది. మాచన అరచెయ్యి చీలి రక్తం కారుతోంది. ఆఖరి గుద్దుతో డు పడింది.

కొండ కదిలింది. స్తంభాల మీది రాతి చిలకలు పటపటా రాలాయి. స్ఫటికం పైనుంచి కిందికి నిలువునా పగిలింది. ధీరసేనుణ్ణి కట్టిన గొలుసులు కంబం నుంచి ఊడిపోయాయి, అదే క్షణాన బావి అడుగు బండ తెరుచుకుంది. అక్కడ నీళ్ళు పోయే దారి ఉందని ఎవరికి తెలుసు? నీళ్ళన్నీ పెద్ద సుడిగా తిరిగి, రాకుమారుణ్ణి ఎండుటాకులా మింగి కిందికి లాక్కుపోయాయి.

హేమవల్లికి మాట తిరిగి వచ్చింది. ఆమె దాన్ని వాడుకోలేదు. పగిలిన స్ఫటికంలోంచి తలకిందులుగా సుడిలోకి దూకింది.

మాచన ఒక్కసారి వెనక్కి చూశాడు. గూఢకేతు ఉప్పు కళ్ళతో తడుముకుంటూ వస్తున్నాడు, వాడి గోళ్ళు పొడవవుతున్నాయి, భుజాల మీద నల్లటి ఈకలు మొలుస్తున్నాయి. ఇంక చూడలేదు. యువరాణి వెళ్ళిన దారినే తానూ దూకాడు. గాలిలో సగం దూరం వెళ్ళాక, తనకు ఈత రాదన్న సంగతి గుర్తొచ్చింది.

చల్లటి చీకటి నీళ్ళు మీద మూసుకున్నాయి. కొండ కింద సొరంగం అది. వరద అతన్ని ఒక గోడకేసి కొట్టి, మరో గోడకు అప్పజెప్పింది. ముక్కులోకీ నోట్లోకీ నీళ్ళు పోయాయి. చేతులు ఆడించాడు, కాళ్ళు తన్నాడు, ఏదీ అందలేదు. పాపం, ఒకరిని నీళ్ళలోంచి బతికించడానికి వచ్చి అదే నీళ్ళలో పోతున్నానని ఏడుపొచ్చింది. ఆమెకు అన్న దొరికాడో లేదో తెలియకుండా పోతున్నందుకు ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది.

అప్పుడు ఎవరో అతని జుట్టు పట్టి పైకి లాగారు. తల నీళ్ళ పైకి వచ్చింది. మాచన దగ్గుతూ, కక్కుతూ, ఆ చేతిని రెండు చేతులా కరిచి పట్టుకున్నాడు. అది గాజులున్న చెయ్యి కాదు. మణికట్టుకు ఇనుప కడియం, కడియానికి కంబం నుంచి ఊడిన గొలుసు వేలాడుతున్నాయి. ఆ చేతికి ఆవల, చీకట్లో ఎక్కడో దగ్గర్లోనే, హేమవల్లి ఏడుస్తూ నవ్వుతోంది.

“పట్టు వదలకు,” అన్నాడు ధీరసేనుడు. నోట్లో గుడ్డలు పోయాక అతను అన్న మొదటి మాట అది. “ముందు జలపాతం ఉంది, హోరు వినబడుతోంది.”

మాచన పట్టు వదల్లేదు. ముగ్గురూ కలిసి అంచు దాటారు.